గద్దె ఎక్కిన ఇంజన్లు, కనుమరుగవుతున్న ఆల్కోలు

ఒక ఊళ్ళో ఒక ఆఫీసు ముందు పాత ఆవిరి ఇంజను ఉంది. ఊరి పేరూ ఆఫీసు పేరూ చెప్పను, ఇలాంటివి ఒకటీ రెండూ కాదు కాబట్టి. సిమెంటు గద్దె, దాని మీద రెండు ముక్కల పట్టా, పట్టా మీద ఇంజను. ఒంటికి నిగనిగలాడే నల్లరంగు, చక్రాల అంచులకి తెల్లరంగు, బఫర్లకి ఎర్రరంగు, చుట్టూ బంతిపూల మడి. దూరం నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. దగ్గరికి వెళ్ళి క్యాబ్ ఎక్కితే ఆవిరిని వదిలే రెగ్యులేటర్ హ్యాండిల్ కదలకుండా వెల్డింగ్ చేసి ఉంది. గేజులు ఉండాల్సిన చోట గుండ్రటి కన్నాలు. ఫైర్‌బాక్స్ తలుపు సగం తెరుచుకుని ఉంటే లోపలికి తొంగిచూశాను, చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు, ఎవరిదో ఒంటి చెప్పు.

నా వెనకాలే ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు ఎక్కాడు. "నాన్నా, ఇది ఎలా నడిచేది?" అన్నాడు. "బొగ్గుతో" అన్నాడు తండ్రి. "బొగ్గు వేస్తే చక్రం ఎందుకు తిరుగుతుంది?" అన్నాడు పిల్లాడు. తండ్రి పాపం దిగి వెళ్ళి బోర్డు చదివాడు. బోర్డు మీద ఇంజను రకం, తయారైన సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉన్నాయి, ముసుగు తీసిన అధికారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. చక్రం ఎందుకు తిరుగుతుందో లేదు. ఇద్దరూ సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే గొడవ. దీన్ని మనం దాచడం అంటున్నాం. ఇది దాచడం కాదు, శవానికి పౌడర్ పూయడం. ఇంజను అంటే చేసిన పని, ఆ పనిలో వచ్చిన చప్పుడు, ఆ పని తెలిసిన మనిషి. ఈ మూడూ పోయాక మిగిలేది ఇనుము, దానికి తూకం రేటు ఉంటుంది. ఆవిరి ఇంజన్ల విషయంలో మన తరం ఈ తప్పు చేసేసింది. ఇప్పుడు ఆల్కో అనే పాత డీజిల్ ఇంజన్ల వంతు వచ్చింది, వైజాగ్ వాళ్ళకైతే అది సొంతింటి సంగతి. ఇంత చెప్పి రైల్వేని తిట్టడం సులువే కానీ, ఇందులో సగం తప్పు మా రైలు పిచ్చోళ్ళది కూడా. దానికి తర్వాత వస్తాను.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే మా స్టేషన్ గురించి చెప్పాలి. విజయవాడ నుంచి హౌరా వెళ్ళే బండి విశాఖపట్నం వచ్చాక ముందుకి పోదు. ఉన్నచోటే ఉండగా ముందున్న ఇంజన్ని విప్పేసి, బండి వెనకవైపు ఇంకో ఇంజను తగిలిస్తారు, వచ్చిన దారినే కొంత దూరం వెళ్ళి సింహాచలం దగ్గర ఉత్తరానికి మళ్ళుతుంది. తెల్లారగట్ల నిద్రలేచిన కొత్త ప్రయాణికులు బండి వెనక్కి వెళ్ళిపోతోందని కంగారుపడడం నేను ఎన్నిసార్లు చూశానో. కానీ పిల్లలకి ఇది పండగ. వేరే ఊళ్ళలో ఇంజను రెండు నిమిషాలు కనిపించి పోతుంది. ఇక్కడ అది కళ్ళ ముందే విడిపోతుంది, పాయింట్స్‌మ్యాన్ మధ్యలోకి దూరి గొట్టాలు ఊడదీస్తాడు, గాలి బుస్సుమంటుంది, ఇంజను ఒంటరిగా నాలుగడుగులు వేసి ఆగుతుంది, అటువైపు ఇంకొకటి మెల్లగా వచ్చి ఠంగుమని తగులుకుంటుంది. మా ఇల్లు జ్ఞానాపురం వైపు. స్టేషన్ వెనకవైపు మాకు ఆటస్థలంలా ఉండేది. ప్లాట్‌ఫారం టికెట్ కొన్న జ్ఞాపకం మాత్రం లేదు.

మా పెదనాన్న వాల్తేరు లోకో షెడ్‌లో ఇంజను క్లీనర్‌గా చేరి, సెకండ్ ఫైర్‌మ్యాన్, ఫస్ట్ ఫైర్‌మ్యాన్, డీజిల్ అసిస్టెంట్, చివరికి గూడ్సు డ్రైవర్ అయ్యాడు. ఎనభై దాటాయి, ఇప్పటికీ స్టేషన్‌ని వాల్తేరు అనే అంటాడు. స్టేషన్ పేరు 1987లో విశాఖపట్నంగా మారింది, పెదనాన్నకి ఆ సంగతి ఇంకా అందలేదు. ఆయన ముందు నేనొకసారి ఆవిరి ఇంజన్ల గురించి ముద్దుముద్దుగా మాట్లాడాను, ఆ పొగ, ఆ కూత, ఆ రోజులే వేరు అని. ముసలాయన నా వైపు అదోలా చూశాడు.

"అది బండేట్రా, కుంపటి. కుంపట్లో కూకుని వాల్తేరు నుంచి రాయగడ ఎల్లాను నేను. సొక్కా ఇప్పేసినా సెమట ఆగీది కాదు. ఎదర మంట, ఎనక వర్షం. కంట్లో నలుసు పడితే తీసుకునే తీరిక ఉండీది కాదు. నీకేటి తెలుసు?"

ఆ తర్వాత గంటసేపు ఆయన చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బొగ్గు వేయడమంటే పార తీసుకుని కుమ్మరించడం కాదు. ఒకేసారి ఎక్కువ వేస్తే మంట ఉక్కిరిబిక్కిరైపోయి నల్లపొగ వస్తుంది, ఆవిరి పడిపోతుంది. కొంచెం కొంచెంగా, పొయ్యి అంతా సమానంగా పరుచుకునేలా, మంట ఎక్కడ పలచబడి తెల్లగా మండుతోందో చూసి అక్కడే పడేలా విసరాలి, అదీ ఊగే బండిలో, కాళ్ళు తన్నిపెట్టుకుని. సెకండ్ ఫైర్‌మ్యాన్ వెనక టెండర్‌లో పెద్ద బొగ్గు గడ్డల్ని సమ్మెటతో పగలగొట్టి ముందుకి తోస్తుంటాడు. అదే సమయంలో బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపే గాజు గొట్టం మీద ఒక కన్ను ఉండాలి, బాయిలర్‌లో నీటిమట్టం ఫైర్‌బాక్స్ పైకప్పు కంటే కిందికి పోతే అది కాలిపోతుంది, కాలిపోతే మనుషులు పోతారు. ఎక్కుడు వస్తోందంటే అది రాకముందే మంట సిద్ధం చేసుకోవాలి, ఎక్కుడులో ఉన్నప్పుడు చేద్దామంటే ఆలస్యమే. ఈ చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు, చేతుల్లో ఉండేది. గద్దె మీద ఇంజన్లో ఈ చదువు ఎక్కడ ఉంది?

అందుకే ఆవిరి ఇంజన్ల గురించి కన్నీళ్ళు పెట్టుకునే మా వాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకు. 1970లో చిత్తరంజన్‌లో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను తయారైంది, దానికి 'అంతిమ్ సితార' అని పేరు కూడా పెట్టారు. 1995 డిసెంబరుతో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి మామూలు సర్వీసు ముగిసింది. అంటే తెలిసి తెలిసి పాతికేళ్ళు టైముంది. ఆ పాతికేళ్ళలో నల్లరంగు డబ్బాలు కొన్నాం, గద్దెలు కట్టాం. ఫైర్‌మ్యాన్లని కూర్చోబెట్టి ఎంతమంది చేత మాట్లాడించాం? బుల్లెట్‌లా ముక్కు, ముక్కు మీద చుక్క ఉన్న డబ్ల్యూపీ ఇంజను 1947లో బాల్డ్‌విన్ కంపెనీ నుంచి వచ్చిందని, మొత్తం 755 తయారయ్యాయని మా వాళ్ళలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దాని పొయ్యిలో బొగ్గు ఏ మూల ముందు వేయాలో అడగండి, నోరు మెదపరు. నేనూ అంతే.

బాగా చేసిన చోట్లు లేకపోలేదు, అవి కూడా చెప్పకపోతే అన్యాయం. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్‌ని 1909లో పక్కన పెట్టారు, మళ్ళీ 1997లో మంట పెట్టి పట్టాల మీద నడిపారు. ఎనభై ఎనిమిదేళ్ళు ఊరికే నిలబడిన ఇంజను! రేవాడీలో ఆవిరి షెడ్ ఇంకా బతికుంది. ఊటీ కొండబండి కోసం తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ ఈ శతాబ్దంలో కూడా కొత్త ఆవిరి ఇంజన్లు కట్టింది. కాబట్టి మనకి చేతకాదు అనే మాట నేను ఒప్పుకోను, చేతనైంది కాబట్టే కదా చేశారు.

ఇక ఆల్కోల దగ్గరికి వద్దాం.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, షెనెక్టడీ అనే ఊళ్ళో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ అని ఒకటి ఉండేది, ఆల్కో అంటే అదే. వాళ్ళ దగ్గర సాంకేతికత తీసుకుని 1964లో వారణాసిలో డీజిల్ ఇంజన్ల తయారీ మొదలుపెట్టాం. ఐదేళ్ళు తిరిగేసరికి, 1969లో ఆ కంపెనీ మూతపడింది. పుట్టింట్లో దీపం పెట్టేవాళ్ళు లేకపోయినా మెట్టినింట్లో వంశం వర్ధిల్లినట్టు, ఆ డిజైన్ మన దగ్గర యాభై ఏళ్ళు బతికింది. డబ్ల్యూడీఎం-2 అనే రకం ఒక్కటే రెండు వేలకి పైగా తయారైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, దాదాపు 113 టన్నుల బరువు. ఈ దేశంలో నలభై దాటిన వాళ్ళెవరైనా సరే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆల్కో వెనకాల పెళ్ళికో పరీక్షకో ఆస్పత్రికో వెళ్ళే ఉంటారు, అది ఆల్కో అని తెలియకుండా.

చప్పుడు వింటే మాత్రం గుర్తుపడతారు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు అది సమానంగా కొట్టుకోదు, కుంటి గుర్రం నడిచినట్టు డుగుడుగు, డుగ్, డుగుడుగు, డుగ్ అంటుంది. బండి కదిలేటప్పుడు డ్రైవర్ నాచ్ వేస్తాడు, అంటే ఇంజను శక్తిని ఒక మెట్టు పెంచుతాడు, మొత్తం ఎనిమిది నాచ్‌లు. నాచ్ వేయగానే ఇంధనం వెంటనే పెరుగుతుంది కానీ గాలిని తోసే టర్బో అంత వెంటనే వేగం అందుకోదు, ఆ కాసేపట్లో గాలి చాలక డీజిల్ సగం కాలి నల్లటి పొగ మబ్బులా పైకి లేస్తుంది. తర్వాత టర్బో అందుకుంటుంది, సన్నటి ఈల మొదలవుతుంది, పొగ పలచబడుతుంది. ఇది ఇంజనీర్ల లెక్కలో లోపం. మాకు మాత్రం అదే మజా. తర్వాత వచ్చిన 4000 హార్స్‌పవర్ జనరల్ మోటార్స్ రకం ఇంజన్లు అన్ని విధాలా మెరుగైనవే, కాదనను, కానీ వాటి చప్పుడు పెద్ద జనరేటర్ చప్పుడులా ఒకే పోత. ఇక ఎలక్ట్రిక్ ఇంజను వస్తోందంటే హారన్ కొడితే తప్ప తెలీదు. (నా భార్య ప్రకారం ఈ పేరా అంతా మగవాళ్ళకి వయసు మీద పడితే వచ్చే జబ్బు. కావచ్చు.)

మరి ఇందులో వైజాగ్ ప్రత్యేకత ఏమిటంటారా? కేకే లైన్.

ఛత్తీస్‌గఢ్ వైపు బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, జపాన్‌కి కావాలి, మధ్యలో తూర్పు కనుమలు ఉన్నాయి. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను వేశారు, 58 సొరంగాలు తవ్వారు. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉంటుంది, చాలా కాలం దేశంలో అన్నిటికంటే ఎత్తున్న బ్రాడ్‌గేజ్ స్టేషన్ అదే. ఇప్పుడు మనం అద్దాల బోగీ ఎక్కి ఫోన్లు పైకెత్తి బొర్రా, అరకు వెళ్ళే ఆ దారిని సరదా కోసం వేయలేదు, రాయి కిందికి దించడానికి వేశారు. ఆ రాయిని దించడానికే 1965లో వాల్తేరు డీజిల్ షెడ్ పుట్టింది. మర్రిపాలెం, కంచరపాలెం వీధుల్లో రైల్వే జీతాలతో నడిచిన ఇళ్ళెన్నో, ఆ షెడ్ సైరన్ మీద టైము చూసుకున్న వాళ్ళెందరో. 1980ల మొదట్లో ఆ లైనుకి కరెంటు వచ్చేదాకా ఘాట్‌లో మోత అంతా డీజిళ్ళదే.

ఎక్కడం కష్టమని మనం అనుకుంటాం. పెదనాన్న నవ్వుతాడు.

"ఎక్కడానికేటి, పవర్ ఉంటే ఎక్కీస్తాది, నేకపోతే ఆగిపోతాది. దిగినప్పుడు కదా తెలిసీది. ఎనకాల అంత రాయి నిన్ను తోస్తంటే, ఎదర సొరంగం, పట్టా తడి. ఆగమంటే ఆగాలి కదా అది."

శిమిలిగుడ దాటాక దాదాపు కిలోమీటరు ఎత్తు దిగాలి, వెనక వేల టన్నుల ఖనిజం. ఊరికే బ్రేకులు పట్టుకుని దిగితే బ్రేకు దిమ్మలు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకని డైనమిక్ బ్రేక్ వాడేవాళ్ళు. చక్రాలని తిప్పే మోటార్లనే తిరగేసి జనరేటర్లుగా మారుస్తారు, బండి బరువే వాటిని తిప్పుతుంది, తిప్పడంలో బండి నెమ్మదిస్తుంది, పుట్టిన కరెంటు ఇంజను పైన ఉన్న రెసిస్టర్ గ్రిడ్‌లో వేడిగా పోతుంది, ఆ వేడిని ఫ్యాన్ బయటికి తోస్తుంది. రాత్రిపూట సొరంగంలో ఆ ఫ్యాను హోరు వింటూ దిగడం, స్పీడోమీటర్ ముల్లు మీద నుంచి చూపు తిప్పకపోవడం, పక్కన అసిస్టెంట్ కూడా మాట్లాడకపోవడం. కరకవలస, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం, బొడ్డవర అని పెదనాన్న స్టేషన్లు చెప్పుకుంటూ పోతాడు, జపమాల తిప్పినట్టు. బొడ్డవర వచ్చిందంటే బతికిపోయినట్టే, కొత్తవలస వచ్చిందంటే ఇంటికొచ్చినట్టే.

ఇదంతా ఎక్కడైనా రాసుందా? నాకైతే కనబడలేదు. సొరంగాల లెక్క ఉంది, వంతెనల లెక్క ఉంది, టన్నుల లెక్క ఉంది. ఏ వంపు దగ్గర ఎంత ముందు నుంచి బ్రేక్ మొదలుపెట్టాలో, వర్షంలో చక్రం జారుతుంటే ఇసుక ఎప్పుడు వదలాలో, ఇవి మనుషుల దగ్గర ఉన్నాయి, ఆ మనుషులు ఏడాదికి నలుగురు తగ్గిపోతున్నారు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి, వైజాగ్ వాళ్ళకి బాగా అర్థమయ్యే పోలిక. బీచ్ రోడ్డు మీద కురుసురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సెలవు తీసుకుంది, ఆ మరుసటి సంవత్సరం దాన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. లోపలికి వెళ్ళొచ్చు, వంగి వంగి నడవచ్చు, నావికులు పడుకున్న పలకలు చూడొచ్చు, అంతమందికి ఇంత ఇరుకు చోటా అని ముక్కున వేలేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ వివరించేవాళ్ళు నేవీలో పనిచేసి రిటైరైన మనుషులు. అందుకే మన పిల్లలకి జలాంతర్గామి ఎలా మునుగుతుందో తెలుసు. దాని ఎదురుగానే పెద్ద యుద్ధవిమానాన్ని కూడా నిలబెట్టారు. సముద్రంలోంచి జలాంతర్గామిని రోడ్డు పక్కకి తెచ్చుకున్న ఊరికి, మర్రిపాలెం షెడ్‌లోంచి ఒక ఆల్కోని జనం దగ్గరికి తెచ్చుకోవడం ఏమంత పని? దానికి చక్రాలు కూడా ఉన్నాయి!

నౌకాదళం కంటే రైలు ఈ ఊరికి చిన్నదేమీ కాదు. 1893-96 మధ్య కోస్తా రైలు మార్గం పడింది, కొన్నాళ్ళకే దాన్ని చీల్చి వాల్తేరుకి దక్షిణం మద్రాసు రైల్వేకి, ఉత్తరం బెంగాల్ నాగపూర్ రైల్వేకి ఇచ్చారు. రెండు కంపెనీలు భుజాలు రాసుకున్న సరిహద్దు ఊరు ఇది. రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక 1933లో పోర్టు తెరిచారు, ఆ లైను లేకపోతే పోర్టుకి సరుకు ఎక్కడిది, పోర్టు లేకపోతే ఈ ఊరు ఎక్కడిది.

సరే, ఇప్పుడు మా వాళ్ళ సంగతి.

రైలు పిచ్చోళ్ళం అని మేం గర్వంగా చెప్పుకుంటాం. ఏ ఇంజను ఏ షెడ్‌ది, ఏ బండికి తగిలి రావాలి (దాన్నే లింకు అంటాం), రావాల్సింది కాకుండా వేరేది వస్తే 'ఆఫ్‌లింక్' అని ఎగిరి గంతేస్తాం. హారన్ విని నంబరు చెప్పే మొనగాళ్ళు ఉన్నారు మాలో. నాకు వీళ్ళంటే ప్రాణం. వర్షంలో గోపాలపట్నం దగ్గర రెండు గంటలు నిలబడి, వచ్చిన ఒక్క పాత ఇంజన్ని చూసి, ఒకే గొడుగు కింద నలుగురం టీ తాగుతూ ఇంటికొచ్చిన రోజులు నాకు దేవుడిచ్చినవి. అయినా ఒక మాట అనక తప్పదు. ఇంజను ఫోటోలు మా దగ్గర వేలున్నాయి, అందులో క్యాబ్ కిటికీలోంచి చెయ్యి ఊపే మనిషి మొహం ఎక్కడా లేదు. ఫ్రేములోకి మనిషి వస్తే ఫోటో పాడైందని తీసేసే రకం మేం. పొగ కావాలి, పొగ మింగినవాడు అక్కర్లేదు. ఒకాయన నాతో అన్నాడు, రంగు మారితే ఆ ఇంజన్ని చూడబుద్ధి కాదట. పెయింట్ షేడ్ గురించి రాత్రి రెండింటి దాకా కొట్లాడుకునే మేం, దాన్ని ముప్పై ఏళ్ళు రిపేరు చేసిన ఫిట్టర్ రెండు వీధుల అవతల ఉంటే వెళ్ళి తలుపు కొట్టలేదు.

కొత్తగా ఇంకో రకం వచ్చారు, పట్టాల మధ్యలో నిలబడి రీల్స్ తీసేవాళ్ళు. వాళ్ళ గురించి ఎక్కువ రాయను. అది ఆరు నెలల దాకా జైలు పడే నేరం. డ్రైవర్ ప్రాణం గిలగిలలాడేది కూడా అప్పుడే, ఎందుకంటే బండి ఆగదని ఆయనకి తెలుసు.

చేజారితే ఎలా ఉంటుందో ఉత్తరాంధ్ర ఒకసారి చూసింది. నౌపడా నుంచి గుణుపురం చిన్నబండి. పర్లాకిమిడి రాజావారు తన ఊరికి రైలు కావాలని సొంతంగా వేయించుకున్న రెండున్నర అడుగుల లైను, 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపురం చేరింది. ఉప్పుమళ్ళ పక్కనుంచి బయల్దేరి పొలాల్లో పడి వెళ్ళేది, వేగం ఎంతంటే కుర్రాళ్ళు ముందు బోగీలో దిగి వెనక బోగీలో ఎక్కేవాళ్ళని చెప్పుకునేవారు. నేను ఎక్కింది ఒక్కసారే, అప్పటికే ఆవిరి పోయి డీజిల్ వచ్చింది. 2004లో ఆపేశారు, తర్వాత బ్రాడ్‌గేజ్ పడింది. బ్రాడ్‌గేజ్ తప్పని నేను అనను. పర్లాకిమిడి నుంచి రోగిని తీసుకుని వైజాగ్ రావాల్సిన మనిషికి నా సరదా ఎందుకు అడ్డు రావాలి? కానీ నలభై యాభై కిలోమీటర్లు అక్కర్లేదు, ఐదు కిలోమీటర్ల చిన్న పట్టా ఎక్కడైనా పక్కన ఉంచి, ఆదివారం పూట ఒక ఇంజను తిప్పి ఉంటే? వేల్స్‌లో టాలిలిన్ అనే చిన్న లైను మూతపడబోతుంటే 1951లో రైలు పిచ్చోళ్ళు కలిసి తామే నడపడం మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళకేం ఖాళీ ఎక్కువని కాదు. రంగు వేసి నిలబెడితే సరిపోదని వాళ్ళకి ముందే తెలిసింది.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఆల్కోలు పూర్తిగా తుక్కు వేలంలోకి వెళ్ళకముందే, ఒక్క ఇంజన్ని నడిచే స్థితిలో వాల్తేరులో ఉంచండి. గద్దె మీద కాదు, షెడ్‌లో. నెలకో ఆదివారం రెండు పాత బోగీలు తగిలించి కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా తిప్పండి, కుదిరితే బొర్రా దాకా. పైన కరెంటు తీగ ఉన్నా డీజిల్‌కి అడ్డేమీ కాదు. టికెట్ పెట్టండి, అద్దాల బోగీకి ఎగబడే జనం దీనికీ వస్తారు.

ఖర్చు అంటారు. నిజమే, నడిచే ఇంజనుకి ఖర్చుంటుంది, గద్దె మీది దానికి రంగు డబ్బాతో సరి. పొగ అంటారు, అదీ నిజమే. నెలకోసారి ఒక ఇంజను వదిలే పొగని పోర్టు పక్కన పెరిగిన మేం తట్టుకోగలం. స్పేర్లు దొరకవు అంటారు. ఇవాళ దొరుకుతాయి, ఇంకా పనిచేస్తున్న ఆల్కోలు ఉన్నాయి, తుక్కుకి పోతున్నవీ ఉన్నాయి, వాటిలోంచే తీసి పెట్టుకోవచ్చు. పదేళ్ళ తర్వాత అదే మాట అంటే నా దగ్గర జవాబు ఉండదు. లైన్ ఖాళీ ఉండదు అంటారు, ఇదొక్కటి గట్టి అభ్యంతరం, ఖనిజం బళ్ళ మధ్య సరదా బండికి దారి దొరకడం కష్టం. అందుకే నెలకొకటి అన్నాను, రోజూ అనలేదు.

పైగా ఇప్పుడు సమయం కూడా కుదిరింది. దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం ముడసర్లోవలో 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. వాల్తేరు డివిజన్ పేరు కూడా విశాఖపట్నం డివిజన్‌గా మార్చాలని అదే ఏడాది నిర్ణయించారు. కొత్త భవనం ముందు పచ్చిక ఉంటుంది, పచ్చిక మధ్యలో గద్దె ఉంటుంది, గద్దె మీద ఏదో ఒక ఇంజను వచ్చి కూర్చుంటుంది, ముసుగు తీసిన వాళ్ళ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నా భయం అదే.

రైల్వే సంగతి రైల్వే చూసుకుంటుంది, ఈలోపు మా వంతు పని ఒకటి మొదలుపెట్టాం. మాలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడున్నాడు, వాడి దగ్గర ఆల్కో చప్పుళ్ళ రికార్డింగులు రెండు వందల దాకా ఉన్నాయి, ఒక్కోదానికీ తేదీ, చోటు, నాచ్ అన్నీ రాసి పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం వాణ్ణి పెదనాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ముసలాయనకి కుడిచెవి సరిగ్గా వినపడదు, ముప్పై ఏళ్ళ క్యాబ్ మహిమ. ఎడమచెవికి హెడ్‌ఫోన్ పెట్టాం.

మొదటిది విని ఊరుకున్నాడు. రెండోది విని, "ఇది నాలుగో నాచ్ అని రాశావా? ఆరు. లోడు మీద ఉంది కాబట్టి నీకు అలా వినబడింది" అన్నాడు. కుర్రాడు గబగబా దిద్దుకున్నాడు. మూడోది కాసేపు విని తల అడ్డంగా ఊపాడు. "దీనికి ఒక సిలిండర్ సరిగ్గా కొట్టట్లేదు. ఇదెక్కడిది?" కుర్రాడు నోరు తెరిచాడు. అది సింహాచలం దగ్గర తీసింది, ఆ రోజు ఆ బండి అరగంట లేటు, ఎందుకో వాడికి ఇన్నాళ్ళూ తెలీదు.

అలా పదకొండు అయ్యాయి. పన్నెండోది పెట్టబోతుంటే పెదనాన్న హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకెన్ని ఉన్నాయిరా?"

"నూట తొంభై దాకా ఉంటాయి తాతగారూ."

"అయితే వచ్చే ఆదివారం కాస్త పెందళాడే రా. మా పక్కవీధిలో ఫిట్టర్ ఒకడున్నాడు, ఆడి చెవులు రెండూ పనిచేస్తాయి."